'రెస్పాన్సివ్' అంటే తెలుగులో ఏమనాలి? ఆస్పత్రి కరపత్రం కోసం అడుగుతున్నాను

తెనాలి అనువాదకురాలు

నమస్కారం. ఇంగ్లీషులోని 'రెస్పాన్సివ్' అన్న విశేషణానికి సరిపోయే తెలుగు మాట కోసం పది రోజులుగా వెతుకుతున్నాను. నిఘంటువులు 'స్పందించే', 'ప్రతిస్పందించే' అంటున్నాయి. అవి నాకు చాలడం లేదు. ఎందుకు చాలడం లేదో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

రెండేళ్ళ క్రితం మా నాన్నగారికి మెదడులో రక్తనాళం చిట్లింది. ఐసీయూలో ఉంచారు. రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కరినే, ఐదు నిమిషాలు లోపలికి పంపేవారు. మూడో రోజు పొద్దున డ్యూటీ డాక్టరు బయటికి వచ్చి, నడుస్తూనే 'రెస్పాన్సివ్‌గా ఉన్నారు' అని చెప్పి వెళ్ళారు. అమ్మకు నేనే తెలుగు చేసి చెప్పాను: 'నాన్న స్పందిస్తున్నారమ్మా.' అమ్మ ముఖంలోకి ప్రాణం వచ్చింది. సంచిలోంచి నాన్న కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, చేతిలో పట్టుకుని లోపలికి వెళ్ళింది. తనను చూడగానే ఆయన మొదట అడిగేది కళ్ళజోడే అనుకుంది.

లోపల ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. సిస్టర్ వేలి గోరు మీద గట్టిగా నొక్కితే చెయ్యి వెనక్కి లాక్కున్నారు. అంతే. అమ్మ ఐదు నిమిషాలు కూడా ఉండకుండా బయటికి వచ్చి, 'నాతో అలా ఎందుకు చెప్పావు?' అని అడిగింది. తొమ్మిదో రోజున నాన్న పోయారు. అమ్మ ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. నేను మాత్రం మరిచిపోలేదు.

డాక్టరు చెప్పింది తప్పు కాదు. నిఘంటువు ప్రకారం నేను చెప్పిందీ తప్పు కాదు. ఇప్పుడు ఒక చిన్న ఆస్పత్రివారు ఐసీయూ రోగుల బంధువులకు ఇచ్చే ఎనిమిది పేజీల కరపత్రాన్ని నాకు అనువాదానికి ఇచ్చారు. ఈ మాట అందులో పదకొండు చోట్ల ఉంది. ఒక చోట రోగి పిలుపుకు, ఒక చోట నొప్పికి, ఒక చోట జబ్బు మందుకు, చివరి పేజీలో సిబ్బంది బంధువుల అవసరాలకు 'రెస్పాన్సివ్'గా ఉంటారని రాశారు. అన్ని చోట్లా 'స్పందించే' అని పెట్టి పంపితే నన్నెవరూ ఏమీ అనరు. కాని బయట బల్ల మీద కూర్చున్న ఇంకో అమ్మ దాన్ని చదువుతుంది. తెలిసినవారు చెప్పండి.

విశ్రాంత ఇంగ్లీషు మాస్టారు

అమ్మా, ఈ మాటను ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకు చెప్పాను. మొదట విభక్తితో మొదలుపెట్టేవాణ్ణి. రెస్పాన్సివ్ వెనకాల 'టు' వస్తుంది, మన 'కు' లాంటిది. ఒక్కోసారి వాక్యంలో అది పైకి కనిపించదు, కాని ఉంటుంది. పిలుపుకా, తాకిడికా, మందుకా, మొరకా? ఆ 'కు' తెలియనంత వరకు ఆ విశేషణం సగమే అర్థమవుతుంది. డాక్టరుగారి వాక్యంలో ఆ 'కు' ఆయన మనసులో ఉండిపోయింది. మీకు చేరలేదు, మీ అమ్మగారికి అసలే చేరలేదు.

రెండో సంగతి. జవాబు వస్తే చాలదు, అది వెంటనే రావాలి, తగినట్టు రావాలి. ఈ రెండూ ఆ మాటలో కలిసి ఉన్నాయి. మోటారు సైకిలు హ్యాండిల్ కొద్దిగా తిప్పగానే తిరిగితే మనవాళ్ళు 'బండి మాట వింటోంది' అంటారు. రెస్పాన్సివ్‌కు అంతకంటే మంచి తెలుగు నాకు తెలియదు. ప్రశ్న అడగగానే తలలెత్తి చేతులెత్తే తరగతిని కూడా ఇంగ్లీషువారు ఈ మాటతోనే మెచ్చుకుంటారు. అది లేని చోట మనకు 'దున్నపోతు మీద వాన కురిసినట్టు' ఉండనే ఉంది.

ఇక 'స్పందన' సంగతి. మీకు ఆ మాట ఎందుకు చాలలేదో దాని పుట్టుకలోనే ఉంది. సంస్కృతంలో స్పందన అంటే అదరడం, కొద్దిగా కదలడం. కన్ను అదరడం స్పందనే, నాడి కొట్టుకోవడం స్పందనే. గుండె కొట్టుకోవాలంటే ఎవరూ పిలవక్కర లేదు. అంటే ఆ మాటలో మొదట 'బదులు' అన్న అర్థం లేదు. 'ప్రతి' చేరి ప్రతిస్పందన అయ్యాకే అది వచ్చింది. వాడుకలో 'ప్రతి' రాలిపోయినా అర్థం నిలిచింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అర్జీల కార్యక్రమానికి 'స్పందన' అని పేరు పెట్టిందంటే, అర్జీకి బదులు చెప్పడమనే అర్థం జనంలో అంతగా పాతుకుపోయిందన్న మాట. ఇంగ్లీషు మాట మూలం వేరు. దాని లాటిన్ ధాతువుకు 'మాట ఇవ్వడం' అని అర్థం. ముందు 'రి' చేరితే తిరిగి మాట ఇవ్వడం. రెస్పాన్సిబుల్ కూడా ఆ చెట్టు కొమ్మే. మన 'జవాబుదారీ'లో జవాబు ఎలా కూర్చుందో చూడండి, అదే బంధుత్వం.

పిల్లలు తికమకపడే మాటలు రెండున్నాయి. రియాక్టివ్ అంటే రసాయన శాస్త్రంలో చర్యాశీలత. నీటిలో వేయగానే భగ్గుమనే పొటాషియం రియాక్టివ్, దాన్ని ఎవరూ రెస్పాన్సివ్ అనరు. మనుషులకు వాడితే ఆలోచించకుండా ఎగిరిపడే స్వభావం. సెన్సిటివ్ అంటే తాకిడి లోపలికి చేరడం. రెస్పాన్సివ్ అంటే చేరినది బదులుగా బయటికి రావడం. అత్తిపత్తి ఆకును ముట్టుకుంటే రెండూ ఒకేసారి కనిపిస్తాయి. జగదీశ్ చంద్రబోస్ 1902లో వెలువరించిన గ్రంథం అంతా ఇలా బయటికి వచ్చే బదులు గురించే: కండరానికీ మొక్కకూ లోహానికీ తాకిడి ఇచ్చి, వచ్చిన విద్యుత్ బదులును కొలిచి పక్కపక్కన పెట్టారు. ఏ తాకిడికి ఏ బదులు అన్నది విడదీయకపోతే ఆయన పరిశోధనే లేదు.

కరపత్రంలో విశేషణాన్ని వదిలేసి క్రియ పట్టుకోండి. తెలుగు వాక్యం క్రియ మీద నడుస్తుంది.

నీటిపారుదల శాఖలో పనిచేసినవాణ్ణి

మాస్టారు చెప్పిన 'తగినట్టు' అన్న దానికి మా శాఖ నుంచి ఒక సాక్ష్యం. టెండర్లలో 'రెస్పాన్సివ్' అంటే వేగం కాదు, సానుభూతి కాదు. ప్రకటనలో అడిగినవన్నీ అడిగినట్టే ఇచ్చిన టెండరు అని అర్థం. ధరావతు సొమ్ము కట్టకపోయినా, అర్హత పత్రం ఒకటి లేకపోయినా 'నాన్ రెస్పాన్సివ్' అని రాసి పక్కన పెట్టేవాళ్ళం. ఆ గుత్తేదారు ధర ఎంత తక్కువ వేశాడో చూడటానికి రెండో కవరు తెరిచేవాళ్ళం కాదు. దీన్ని ఒకసారి ఒక పత్రికలో 'స్పందించని టెండర్లు' అని రాస్తే చదివినవాళ్ళు టెండర్లే రాలేదనుకున్నారు. వచ్చినవి ఆరు! 'నిబంధనలకు సరిపోని టెండర్లు' అంటే సరిపోయేది. మీ కరపత్రానికి ఇది పనికిరాదు కాని, ఒక మాటకు ఒకే తెలుగు అని పట్టుబట్టవద్దని చెప్పడానికి రాశాను.

రాత్రి డ్యూటీ సిస్టర్

హైదరాబాదులో మెదడు, నరాల ఐసీయూలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. డ్యూటీ దిగి వచ్చి మీ ప్రశ్న చదివాను, నిద్రపోకుండా రాస్తున్నాను.

ముందు మీ నాన్నగారి సంగతి. రోగి తెలివిని చప్పున చూడటానికి మేము నాలుగు మెట్లు పెట్టుకుంటాము. మొదటి మెట్టు, తనంత తానే తెలివిగా ఉండటం. రెండోది, పిలిస్తే కళ్ళు తెరవడమో, పలకడమో, కదలడమో. మూడోది, పిలిచినా లేదు గాని నొప్పి కలిగిస్తే కదలడం. నాలుగోది, దేనికీ ఏమీ లేకపోవడం. అన్‌రెస్పాన్సివ్ అని రాసేది దాన్నే. మీ డాక్టరుగారు చెప్పింది మూడో మెట్టు. మీ అమ్మగారు విన్నది మొదటి మెట్టు. నాలుగో మెట్టు మీద లేరన్నది డాక్టరుకు నిజంగా మంచి వార్తే, అందుకే ఆ మాట అలా వచ్చి ఉంటుంది. అబద్ధం ఎవరూ చెప్పలేదమ్మా.

ఇంకా వివరంగా కొలవడానికి గ్లాస్గో కొలమానం ఉంది. 1974లో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు మెదడు శస్త్రవైద్యులు గ్లాస్గో నగరంలో దాన్ని తయారు చేశారు. ఎక్కువలో ఎక్కువ కళ్ళు తెరవడానికి 4 మార్కులు, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఏమీ లేకపోయినా ఒక్కోదానికి 1 చొప్పున 3 వస్తాయి, సున్నా ఉండదు. గోరు నొక్కితే చెయ్యి వెనక్కి లాక్కున్నారన్నారు కదా, దానికి కదలికలో 4. కళ్ళు తెరవలేదు గనుక అక్కడ 1. గొంతులో గొట్టం ఉంటే మాటకు మార్కు వేయము, గొట్టం ఉందని రాస్తాము. మత్తుమందు నడుస్తుంటే అదీ పక్కన రాస్తాము, ఎందుకంటే అప్పుడు కదలకపోవడం మెదడు సంగతి చెప్పదు, మందు సంగతి చెబుతుంది. కరపత్రంలో ఈ గొట్టం సంగతి, మత్తు సంగతి తప్పకుండా ఉండాలి. లేకపోతే రాసి చేర్చమని వాళ్ళను అడగండి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. పల్లెల నుంచి రోగిని తెచ్చినవాళ్ళు తలుపు దగ్గర మొదట అనే మాట ఏమిటో తెలుసా? 'పొద్దుటి నుంచి ఉలుకూ పలుకూ లేదు సిస్టర్' అంటారు. ఉలుకు అంటే తాకిడికి శరీరం అదిరిపడటం. పలుకు అంటే పిలుపుకు నోరు ఇచ్చే బదులు. మా మెట్లలో రెండోదీ మూడోదీ ఆ జంట మాటలో ఉన్నాయి! నేను వెంటనే 'ఉలుకు లేదా, పలుకు లేదా?' అని విడదీసి అడుగుతాను. చదువు లేని ముసలమ్మ కూడా తడుముకోకుండా చెబుతుంది: 'పలుకు లేదు గాని గిల్లితే ఉలుకుతున్నాడు' అని. పడక దగ్గరకు వెళ్ళకముందే నాకు సగం కేసు తెలిసిపోతుంది. ఇంత కచ్చితమైన మాట మన నోట్లో ఉండగా 'స్పందిస్తున్నారు' అన్న మసక మాటను మేమే, ఆస్పత్రివాళ్ళమే, బంధువులకు అలవాటు చేశాము. నాకు ఇది బాధ.

ఇంకొకటి. బదులు రావడం పిలుపు మీద కూడా ఆధారపడుతుంది. ఒక రాత్రి పాలమూరు వైపు నుంచి డెబ్బై ఏళ్ళ పెద్దాయన వచ్చారు. కొత్తగా చేరిన డాక్టరుబాబు తెలుగు రానివాడు, కళ్ళు తెరవమని ఇంగ్లీషులో, హిందీలో గట్టిగా రెండుసార్లు చెప్పాడు. కదలిక లేదు. గోరు నొక్కబోతుంటే ఆగమని, నేను చెవి దగ్గర వంగి 'పెదనాన్నా, కళ్ళు తెరువు' అన్నాను. తెరిచారు. ఆ పిలుపుతో ఆయన మూడో మెట్టు నుంచి రెండో మెట్టుకు వచ్చారు. అప్పటి నుంచి ఇంట్లో రోగిని ఏమని పిలుస్తారో బంధువులను అడిగి పడక దగ్గర రాసి పెడుతున్నాను.

మందు సంగతి తేలిక. 'జబ్బు మందుకు లొంగుతోంది', 'మందు గుణం చూపిస్తోంది'. లొంగేది జబ్బే కావాలి, రోగి కాకూడదు, అది చూసుకోండి.

తెనాలి అనువాదకురాలు

సిస్టర్ గారూ, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక ప్రశ్న అడిగింది, అలాగే రాస్తున్నాను. 'ఐదో రోజు నేను చెయ్యి పట్టుకుంటే ఆయన వేళ్ళు బిగించారు. అది ఏ మెట్టు?'

రాత్రి డ్యూటీ సిస్టర్

అమ్మగారికి నిజమే చెప్పాలి. అరచేతిలో వేలు పెడితే పిడికిలి మూసుకోవడం పసిపిల్లలకు పుట్టుకతో ఉంటుంది. మెదడు దెబ్బతిన్నప్పుడు పెద్దవాళ్ళలో అది మళ్ళీ కనిపించవచ్చు. అందుకే మేము 'చెయ్యి పట్టుకోండి' అని ఊరుకోము, 'ఇప్పుడు వదలండి' అని కూడా అంటాము. చెప్పగానే వదిలితే మాట విన్నారని రాస్తాము. ఆ రోజు వదలమని ఎవరూ అనలేదు గనుక అది ఏ మెట్టో ఇప్పుడు నేను తేల్చలేను. ఆమె చేతిని ఆ రోజు ఆ చెయ్యి పట్టుకున్నది మాత్రం నిజం. దాన్ని ఏ కొలమానంతోనూ కొట్టేయవద్దని చెప్పండి.

అంతర్జాల పనివాడు

నేను వెబ్‌సైట్లు తయారు చేస్తాను. మా పనిలో ఈ మాట 2010 మేలో ఈథన్ మార్కాట్ రాసిన వ్యాసంతో స్థిరపడింది. వెబ్ పేజీ ఫోనులో చూస్తే ఫోనుకు, పెద్ద తెరలో చూస్తే పెద్ద తెరకు తగ్గట్టు సర్దుకోవాలి అన్నది ఆలోచన. అక్కడా మాస్టారు చెప్పిన 'కు' ఉంది: తెర వెడల్పుకు. తెలుగులో నేను 'తెరకు ఒదిగే పేజీ' అంటాను. కరపత్రాన్ని ఫోనులో కూడా ఇచ్చేటట్టయితే వరుసల మధ్య చోటు కొంచెం ఎక్కువ పెట్టమని చెప్పండి, ఇంగ్లీషు కొలతకు పెడితే మన కింది ఒత్తులు తెగిపోతాయి.

గోదావరి రైతుబిడ్డ

వ్యవసాయ శాఖలో చేస్తున్నాను. మాకు ఈ మాట 'ఎరువుకు రెస్పాన్సివ్ వంగడం' అని వస్తుంది. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన ఐఆర్ 8 అలాంటి వరి రకమే. 'పేట' అనే ఇండోనేషియా పొడుగు రకాన్ని తైవాన్ పొట్టి రకంతో కలిపి దాన్ని సాధించారు. ఇక్కడ నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. పాత పొడుగు రకాలు ఎరువుకు స్పందించలేదా? స్పందించాయి. నత్రజని వేస్తే ఏపుగా పెరిగి, గాలికి చేనంతా పడిపోయేది. బదులు వచ్చింది, గడ్డిగా వచ్చింది. పొట్టి రకం కాడ గట్టిగా నిలబడి ఆ బలాన్ని గింజలోకి తెచ్చింది, అందుకే దాన్ని రెస్పాన్సివ్ అన్నారు. మా నాన్న దీన్ని 'ఎరువేస్తే దిగుబడి చూపించే రకం' అంటాడు. రైతుల కోసం రాసే కాగితాల్లో నేనూ అదే రాస్తాను. 'ఎరువులకు ప్రతిస్పందించే వంగడం' అని పైనుంచి వచ్చిన ప్రతిసారీ కొట్టేసి మారుస్తున్నాను.

తెనాలి అనువాదకురాలు

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. పదకొండు చోట్లా వాక్యాలు మార్చాను, 'స్పందించే' ఒక్క చోట కూడా లేదు. పిలుపు దగ్గర 'పిలిస్తే పలుకుతున్నారు' లేదా 'పిలిస్తే కళ్ళు తెరుస్తున్నారు' అని, రోగి చేసేది ఏదైతే అది రాశాను. మందు దగ్గర 'జబ్బు లొంగుతోంది'. దేనికీ బదులు లేని స్థితికి 'ఉలుకూ పలుకూ లేదు' అని పెడితే ఆస్పత్రివారు ఇది పల్లెటూరి మాట కదా అని సందేహించారు. సిస్టర్ గారు రాసిన పేరా చదివి వినిపించాను, ఒప్పుకున్నారు. గొట్టం, మత్తుమందు గురించి రెండు వాక్యాలు కొత్తగా చేర్చారు. ఇంట్లో రోగిని ఏమని పిలుస్తారో రాయడానికి మొదటి పేజీలో ఒక ఖాళీ గీత కూడా పెట్టించాను. సిబ్బంది గురించిన చివరి వాక్యం 'మీరు పిలిస్తే పలుకుతాము' అయింది; పిలిస్తే పలికే దేవుడు అన్న మాట విని పెరిగినవాళ్ళం, అది మనకు కొత్త కాదు.

నిన్న రాత్రి చివరి ప్రతిని అమ్మ చదివింది. 'నొప్పి కలిగిస్తే చెయ్యి వెనక్కి తీసుకుంటున్నారు' అన్న చోట ఆగి, కలం అడిగింది. 'నొప్పి కలిగిస్తే అని రాస్తే ఎవరికి తెలుస్తుంది? గోరు మీద నొక్కితే అని రాయి. ఎందుకు నొక్కుతారో కూడా రాయి. ఆ రోజు నేను ఆ అమ్మాయి మీ నాన్నను హింసిస్తోందనుకున్నాను' అంది. ఇన్నాళ్ళూ నాతో ఆ సంగతి చెప్పలేదు. ఆ వాక్యాన్ని అమ్మ చెప్పినట్టే మార్చి, దాని కింద ఇంకొకటి చేర్చాను: 'పిలుపుకు పలకనప్పుడు మెదడు ఎంతవరకు పనిచేస్తోందో తెలుసుకోవడానికి సిస్టర్ ఇలా నొక్కి చూస్తారు.' సిస్టర్ గారూ, అందులో తప్పేమైనా ఉంటే ఈ సాయంత్రం లోపు చెప్పండి. రేపు అచ్చుకు వెళుతోంది.

రాత్రి డ్యూటీ సిస్టర్

తప్పు లేదు. 'ముందు పేరు పెట్టి పిలిచి, తర్వాతే' అని ఆ వాక్యం మొదట్లో చేర్చండి. మేము ముందు పిలుస్తాము.